పేరు మీద రసీదు

దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో నేను నెలకోసారి వెళ్ళే సెలూన్ ఒకటి ఉంది. మొన్న శుక్రవారం వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. సెలూనతను మెడ చుట్టూ గుడ్డ కట్టి కత్తెర తీశాడు. ఎదుట అద్దం. అద్దం పైన చట్రంలో బిగించిన వ్యాపార లైసెన్సు. ఇక్కడ ప్రతి దుకాణంలోనూ అది గోడకు వేలాడుతూ ఉంటుంది. ఆరేళ్ళుగా ఆ అద్దంలో ముఖం చూసుకుంటున్నాను గాని పైన చట్రం వైపు ఎన్నడూ చూడలేదు. మొన్న చూశాను. గడువు దాటి పదకొండు రోజులైంది.

"తారీఖ్ ఖతం హో గయా," అన్నాను.

కత్తెర ఆగిపోయింది. "మీరు బలదియా మనిషా సాబ్?" అని హిందీలో అడిగాడు. బలదియా అంటే ఇక్కడి మునిసిపాలిటీ. దుకాణంలోకి వచ్చి లైసెన్సు తేదీ అడిగేవాళ్ళు ఈ ఊళ్ళో వాళ్ళే.

"కాదు. నాకు తెలిసిన ఒకతను ఇట్లా చూసేవాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పోయాడు."

అతను మళ్ళీ కత్తెర ఆడించాడు. నేను మాత్రం గోడ మీంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను.

ఆ పోయినతన్ని మేముండే అల్ మన్సూరాలో అందరూ బలదియా అనే పిలిచేవాళ్ళు. నిజానికి కడప జిల్లా నుంచి వచ్చిన హౌస్ డ్రైవరు. ఒక ఖతారీ ఇంట్లో పిల్లల్ని బడికి, వాళ్ళ అమ్మను బజారుకు తిప్పడం అతని డ్యూటీ. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటివాళ్ళు బంధువుల దగ్గరికి వెళ్ళాక సాయంత్రం దాకా అతనికి తీరిక. అప్పుడు మా గది కింద ఉన్న మలయాళీ టీకొట్టుకు వచ్చేవాడు. లోపలికి రాగానే కూర్చోడు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, మెడ సాచి గోడ మీది లైసెన్సు దగ్గరికి వెళ్ళేవాడు. పెదాలు కదిలేవి. అరబ్బీలో అతనికి అక్షరమ్ముక్క రాదు. అంకెలు మాత్రం పదీ వచ్చు. తేదీలు చదవడానికని నేర్చుకున్నాడు.

"బలదియా ఆగయా," అని టీకొట్టు నాయర్ గిన్నె మీద గరిటెతో కొట్టేవాడు. "పాస్ హై యా ఫెయిల్?"

"ఇంగా మూన్నెల్లు ఉండాది," అని అతను నావైపు తిరిగేవాడు. "తాగచ్చు సామీ."

ఒకసారి నాయర్ లైసెన్సుకు రెండు రోజులే మిగిలాయి. అతను బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు. నాయర్ నవ్వి, తర్వాత విసుక్కుని, చివరికి ఫోన్లో కొత్త కాగితం తెరిచి గడప దాకా తెచ్చి చూపించాడు. అంకెలు ఒక్కొక్కటే చదివి అప్పుడు లోపలికి వచ్చాడు. ఆ రోజు కొట్టులో అందరూ పడీపడీ నవ్వారు. అతను నవ్వలేదు, కోపగించుకోనూ లేదు.

అతను పనిచేసే ఇంటి యజమాని అతన్ని ముదీర్ అనేవాడట. అంటే మేనేజరు. బండి ఇస్తిమారాకు, అంటే రిజిస్ట్రేషన్ కార్డుకు, గడువు నెల రోజులుందనగానే ఇతను వారం వారం గుర్తుచేసేవాడు. "యల్లా ముదీర్, తెలుసు, తెలుసు," అని ఆయన కసురుకునేవాడట. ఈ మాట చెబుతున్నప్పుడు మాత్రం అతని ముఖంలో చిన్న వెలుగు ఉండేది.

నాకు అతనితో పరిచయం పని మీద ఏర్పడింది. ముషైరిబ్ దగ్గర ఒక టైపింగ్ సెంటర్లో ఇంగ్లీషు ఫారాలు నింపడం నా ఉద్యోగం. గోదావరి పక్కన ఒక ఊళ్ళో ఒక కాలువ రేవుకు ఈనాటికీ మా ఇంటిపేరే ఉంది. ఆ కాలువ కింద పారే పొలాల్లో సెంటు భూమి మాకు లేదు. మా తాత ఒకరికి హామీ సంతకం పెట్టాడు. కాగితం చదవలేదు. ఎదుటివాడి ముందు కాగితం చదవడమంటే అతన్ని అనుమానించడమేనని, అది మా ఇంటికి తగదని ఆయన నమ్మకం. ఆ ఒక్క సంతకంతో అంతా పోయింది. ఎవరి టీ డబ్బులు వాళ్ళే ఇచ్చుకోవాలన్న నియమం, ఇస్త్రీ లేని చొక్కా వేసుకోకపోవడం, వీటిని మాత్రం నేను నాతో ఈ దేశానికి తెచ్చుకున్నాను. నా గదిలో మంచిర్యాల వైపు నుంచి వచ్చిన పరంజా మేస్త్రి ఒకాయన ఉంటాడు. ఆయన నన్ను ఎగతాళికి దొర అంటాడు. అననిస్తాను.

కడప మనిషి మొదటి రోజే నన్ను నువ్వు అన్నాడు. "సామీ, ఇది సదివి పెడతావా?" మా ఊళ్ళో మా ఇంటివాళ్ళను ఏకవచనంతో పిలిచినవాడు లేడు. పెన్ను కింద పెట్టి చూశాను. అతను అది గమనించకుండా నీలిరంగు జిప్పు సంచీ తెరిచి బల్ల మీద పెట్టాడు.

ఆ సంచీని గురించి చెప్పాలి. ఖతార్‌లో దిగిన రోజు నుంచి అతను కట్టిన ప్రతి రియాల్‌కు రసీదు అందులో ఉంది. దుప్పటి కొన్న చీటీ, మెడికల్ కార్డు, సిమ్ బిల్లులు, పగిలిపోయిన గడియారం వారంటీ కాగితం. అన్నీ అతని పేరు మీదే. ఏ దుకాణంలో ఏం కొన్నా, "పేరు రాయి," అని నిలబడేవాడట. కారణం అడిగితే చెప్పాడు. మొదట ఒక క్యాంపులో చేరాడు. అక్కడ పరుపుకు డబ్బులు తీసుకున్నారు. ఆర్నెల్ల తర్వాత లెక్కలవాడు మారాడు. రసీదు ఏదన్నాడు. చీటీ ఉంది గాని దాని మీద పేరు లేదు. రెండోసారి కట్టించుకున్నారు. "ఆ పొద్దు నుంచి పేరు లేని కాయితం నేను ముట్టను సామీ."

నా దగ్గరికి తెచ్చిన కాగితం మాత్రం పరుపుది కాదు. ఇంటిది.

ఊళ్ళో అతనికి పాత రేకుల ఇల్లు, దాని పక్కన కాస్త స్థలం ఉన్నాయి. ఆ రెండూ తాకట్టు పెట్టి లోన్ తీసుకుని మూడు గదుల మిద్దె వేసుకోవాలని ఆశ. అప్పట్లో అల్ మన్సూరా గదులకు శుక్రవారాల్లో ఒక బ్రోకర్ వచ్చేవాడు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఊళ్ళో ఇంటి లోన్లు ఇప్పిస్తానని తిరిగేవాడు. మెడలో లామినేట్ చేసిన లైసెన్సు. చక్కగా మాట్లాడేవాడు. నేనూ ఒకసారి విన్నాను.

"అన్నా, నన్ను నమ్మాల్సిన పనే లేదు మీరు," అనేవాడు. "మేం ఏటా లైసెన్సుకు ఫీజు కడతాం. ఆ ఫీజులో కొంత తీసి పక్కన నిధిలో వేస్తారు. రేపు నేనే మోసం చేసి పారిపోయినాననుకోండి, మీకు పోయింది ఆ నిధి నుంచి ఇస్తారు. నన్ను చూడొద్దు. ఈ కార్డు చూడండి."

అందరూ కార్డు చూశారు. తేదీ చూసినవాడు ఇతనొక్కడే. ఇంకా ఇరవై రోజులే ఉంది.

"ఇది అయిపోతాంది. రెన్యువల్ చేసుకోని రా. అప్పుడు సంతకం పెడతా," అన్నాడట. బ్రోకర్ తల గోక్కుని, ఫీజు పెద్దదనీ, చేతిలో ఆడటం లేదనీ, ఇతనే కడితే తన కమిషన్‌లో తగ్గించుకుంటాననీ అన్నాడు. ఇతను రెండు వారాలు ఆలోచించాడు. బ్రోకర్ చేతికి ఇవ్వకుండా తానే డబ్బు పంపే ఆఫీసుకు వెళ్ళి, లైసెన్సులిచ్చే సంస్థ ఖాతాకే నేరుగా పంపాడు. రసీదు తన పేరు మీద రాయించుకున్నాడు. ఫలానా బ్రోకర్ లైసెన్సు ఫీజు, చెల్లించినవారు అని ఉన్నచోట ఇతని పేరు.

ఈ సంగతి విన్న రోజు మా మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరె బలదియా, కోడిపెట్టను ఎత్కపోయెటోనికి చెప్పులు గూడ నువ్వే కొనిచ్చినవా?"

"నవ్వుకో అన్నా," అన్నాడు అతను. "మడిసి మోసం చేస్తాడు. అది నాకు తెల్సు. నేను మడిసిని నమ్మలే. లైసెన్స్‌ను నమ్మినా."

తర్వాత జరిగింది చిన్న కథే. సెలవు దొరకదు కాబట్టి బ్రోకర్ పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాడు. గల్ఫ్‌లో ఉన్నవాడికి వేరే దారి ఉండదు. లోన్ మంజూరైంది. డబ్బు ఇల్లు కట్టే మేస్త్రికి చేరాలి. పునాదికి, నాలుగు స్తంభాలకు చేరింది. మిగతాది బ్రోకర్‌తో పాటే కనిపించకుండా పోయింది. అప్పిచ్చిన కంపెనీకి కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. వాళ్ళు వాయిదాలు అడిగారు. నాలుగు నెలలు ఎలాగో కట్టాడు. ఐదో నెల అతని భార్య ఫోన్లో ఒక ఫోటో పంపింది. రేకుల ఇంటి గోడకు అంటించిన జప్తు నోటీసు. అతను ఫోటోలో తేదీ ఉన్నచోటు వేళ్ళతో పెద్దది చేసి నా ముందు పెట్టాడు.

"డెబ్బై రోజులు ఉండాది సామీ. ఆ లోపల నిధికి అర్జీ రాయల్ల. రాస్తావా?"

ఆ మాటల్లో బతిమాలుకోవడం లేదు. టీకొట్టు లైసెన్సు చదివిన గొంతే. బహుశా అందుకే ఒప్పుకున్నాను. డబ్బులు ఎంతని అడిగాడు. నాకు కోపం వచ్చింది. మా ఇంట్లో అర్జీలు రాసి డబ్బు తీసుకున్నవాళ్ళు లేరన్నాను. "మీ ఇంట్లో ఎవురూ తీసుకోలేదు, సరే," అన్నాడు. "మరి టైపింగ్ సెంటర్లో ఏం జేస్తాండావు?" మొదటిసారి నేను అతని ఎదుట నవ్వాను.

ఆరు శుక్రవారాలు ఆ టీకొట్టులో మూల బల్ల మీద పనిచేశాం. నిధి నిబంధనలు ఇంగ్లీషులో నలభై పేజీలు. నేను ఒక్కొక్క పేరా చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. అతను కళ్ళు మూసుకుని వినేవాడు. మోసపోయిన రోజున బ్రోకర్ లైసెన్సు అమలులో ఉండాలి. ఉంది. పోలీసు ఫిర్యాదు ఉండాలి. అతని భార్య స్టేషన్ చుట్టూ తొమ్మిది సార్లు తిరిగి సంపాదించింది. బ్రోకర్ దగ్గర రాబట్టుకునే మార్గం లేదని చూపాలి. చూపాం. ప్రతి షరతు దగ్గరా అతను వేలు మడిచేవాడు. చివరి శుక్రవారానికి వేళ్ళు చాలక మొదటికి వచ్చాడు. అన్ని రోజుల్లో నాకు తోచింది ఒకటే. మా తాత చదవకుండా పెట్టిన సంతకానికి మేం మూడు తరాలు అనుభవిస్తున్నాం. ఇదిగో చదివే మనిషి. తేదీ చూసి, పేరు చూసి, నియమం చూసి అడుగు వేసినవాడు. ఇతనిది నెగ్గితీరాలి. నాకే సంబంధించిన వ్యాజ్యంలాగా రాశాను. అంత మంచి ఇంగ్లీషు నా జన్మలో మళ్ళీ రాయలేదు.

ఆఖరి రోజు అడిగాడు. "అంతా సదివినావు గదా సామీ? ఏం మిగల్లేదు గదా?"

"చదివాను," అన్నాను.

చివర నాలుగు పేజీలు మిగిలాయి. అనుబంధం. పదాల అర్థాలు. ఏ పదానికి ఏ అర్థమో నాకొకరు చెప్పాలా అనుకున్నాను.

రసీదు జతపరచమన్నది నేనే. అతని నిజాయితీకి అంతకంటే రుజువేముంది? లైసెన్సు బతికి ఉండాలని సొంత డబ్బు కట్టిన వినియోగదారుడు. అర్జీలో ఆ వాక్యం మొదటి పేజీలోనే పెట్టాను. నిధిలోకి తన చేతులతో డబ్బు వేసిన మనిషికి ఆ నిధి న్యాయం చేయకపోతే ఎవరికి చేస్తుంది అని రాశాను. చదివి వినిపిస్తే అతను తల పంకించాడు. "ఆ మాట బాగుండాది."

అతను ఆ ఫోటో చూపిన నాటి నుంచి లెక్కిస్తే యాభై ఎనిమిదో రోజున జవాబు వచ్చింది. టైపింగ్ సెంటర్లో కంప్యూటర్ మీద చదివాను. ఒకటిన్నర పేజీ. మర్యాదగానే ఉంది. బ్రోకర్ మోసం చేశాడని ఒప్పుకున్నారు. నష్టం జరిగిందని ఒప్పుకున్నారు. అయితే బ్రోకర్ వ్యాపారంలో పెట్టుబడి పెట్టినవారు, భాగస్థులు, అతని లైసెన్సు ఫీజు భరించినవారు ఈ నిధి దృష్టిలో వినియోగదారులు కారు. అనుబంధం చూడగలరు. అర్జీదారు స్వయంగా జతపరచిన రసీదు ప్రకారం...

అక్కడిదాకా చదివి ఆపాను.

శుక్రవారం దాకా చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా నిటారుగా కూర్చునే చెప్పాను. అది తప్ప నాకు చేతనైంది లేదు. అతను మళ్ళీ చదవమన్నాడు. చదివాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, నేను ప్రింటు తీసి తెచ్చిన ఆ కాగితం తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఇంగ్లీషు రాదు, అయినా చాలాసేపు చూశాడు. తన పేరు ఉన్నచోట వేలు పెట్టాడు.

"ఆ రూలు ఏ పేజీలో ఉండాది?"

"చివర. అనుబంధంలో."

"నువ్వు సదివినావా అది?"

నేను నా టీ గ్లాసు వైపు చూశాను. నాయర్ ఎవరినో పిలుస్తున్నాడు. అతను కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి నీలి సంచీలో పెట్టి జిప్పు లాగాడు.

"టీ సల్లారిపోతాంది. తాగు సామీ."

లేచేటప్పుడు నా టీకి కూడా డబ్బులు అతనే ఇచ్చాడు. నేను ఇవ్వనిచ్చాను.

రసీదు పెట్టకపోయినా ఖాతాలో అతని పేరు వాళ్ళకు ఎలాగూ దొరికేదని తర్వాత ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు. నిజమైనా నాకు పనికిరాలేదు.

గడువు నాటికి రేకుల ఇంటికి తాళం పడింది. నాలుగు స్తంభాలు అట్లాగే నిలబడి ఉన్నాయట. భార్య తన అక్క ఇంట్లో ఒక గదిలోకి మారింది. అతను మాత్రం శుక్రవారం రావడం మానలేదు. వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడ దగ్గరికి వెళ్ళి, అంకెలు చదివేవాడు. కొట్టులో ఎవరూ నవ్వడం లేదు. నాయర్ కూడా పాస్ ఫెయిల్ అనడం మానేశాడు. అది చూసి ఒకరోజు నాకే విసుగు పుట్టింది.

"ఇంకా ఎందుకు చూస్తావు?" అన్నాను.

అతను ఆశ్చర్యంగా చూశాడు. "చూడకుంటే ఎట్ల సామీ?" అని, "నేను కట్టిన ఫీజులో కొంత ఆ నిధిలో పడింటాది గదా," అన్నాడు. "వాళ్ళు వాపసు ఈలేదు. అంటే ఆడనే ఉండాది. ఎవురిదో ఒగరి ఇల్లు నిలబడింటాది దాంతో."

ఆ మాటలో ఓదార్పు ఉందేమోనని వెతికాను. లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడంతే.

రెండు నెలల కిందట ఒక ఉదయం మా మేస్త్రి సైట్ నుంచి ఫోన్ చేశాడు. "దొరా, గా బలదియాయన పోయిండట. పొద్దుగాల బండి కడుగతందుకు రాలేదని ఇంటోళ్ళు పోయి సూసిండ్రట. పండుకున్నోడు పండుకున్నట్టే ఉన్నడట." దొరా అన్నాడు గాని అందులో ఎగతాళి లేదు.

వెళ్ళాను. యజమాని గేటు బయట ప్లాస్టిక్ కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నాడు. "ముదీర్, ముదీర్," అంటున్నాడు. డ్రైవరు గది వెతికితే నీలి సంచీ దొరికిందట. పైన నా పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంది. నా చేతికిచ్చాడు.

శరీరాన్ని పంపే కాగితాలు మా టైపింగ్ సెంటర్‌కే వచ్చాయి. వేరేవాళ్ళు చేస్తామన్నారు. నేనే చేశాను. స్వదేశంలో చిరునామా అన్న గడి దగ్గర ఆగాను. పాస్‌పోర్టులో ఉన్నది ఆ రేకుల ఇంటి నంబరే. అదే కొట్టాను. పెట్టె చివరికి ఏ వాకిట్లో దించారో నేను అడగలేదు.

పదకొండో రోజు దాటాక అతని భార్య ఫోన్ చేసింది. అంతకుముందు ఆమె గొంతు నేను విననేలేదు.

"సార్, మా ఆయన సంచి మీ కాడ ఉండాదంట."

"ఉందమ్మా."

"దాంట్లో ఫీజు కట్టిన రసీదు ఉండాదా సార్? నిధిది?"

సంచీ ముందే పెట్టుకుని ఉన్నాను. జిప్పు తీశాను. సంస్థ రాసిన జవాబు అందులో లేదు. చింపేశాడో, బండిలో ఎక్కడైనా పెట్టాడో తెలియదు. రసీదు మాత్రం ప్లాస్టిక్ తొడుగులో పైనే ఉంది.

"ఉందమ్మా."

ఆమె ఊపిరి వదలడం వినిపించింది. "ఆయప్ప ఎప్పుడూ అంటాండె సార్. కేసు నడస్తాంది, ఏం బోయినా ఆ రసీదు మాత్రం పోగూడదు, దాని బలం మీదనే మన ఇల్లు ఉండాది అని."

తిరస్కరించి ఏడాది దాటింది. ఆమెకు తెలియదు. అతను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. చెప్పాలంటే ఆ రూలు ఏ పేజీలో ఉందో, ఎవరు చదవలేదో అది కూడా చెప్పాలి.

మా ఇల్లు పోయినా మాట పోలేదని చెప్పుకునే వంశం మాది. ఇప్పుడు నిజం చెప్పాలి. ఆ నాలుగు పేజీల దగ్గర మొదలుపెట్టి చెప్పాలి. నోరు తెరిచాను.

"దానికి తేదీ ఏమన్నా అయిపోతాదా సార్?" అంది ఆమె.

రసీదు తిప్పి చూశాను. ముందూ వెనకా చూశాను.

"లేదమ్మా. దీనికి గడువు లేదు."

"అయితే పంపించు సార్. నేను పోయి సూపిస్తా ఆ ఆఫీసులో. కవరు మీద నా పేరే రాయి. ఇంగొగరి పేరు మీద వద్దు."

కవరు తీసి ఆమె పేరు రాశాను. మా మేస్త్రి పోయిన నెల సెలవు మీద వెళ్తూ, "ఊరికి ఏమన్న ఇచ్చేదున్నదా దొరా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. కవరు నా సొరుగులోనే ఉంది.